బావమరిది ఎక్కితే ఏడ్చిన బండి

ఆ ఆసుపత్రి ఆవరణలో మేస్త్రీ అంటే తెలియనివాళ్లు లేరు. లోపల మనుషులకు డాక్టర్లుంటే, వెనక షెడ్డులో యంత్రాలకు ఆయన డాక్టరు. జనరేటరు మొరాయించినా, చక్రాల కుర్చీ కిర్రుమన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. ఇరవై రెండేళ్ల చెయ్యి అది. చేతికి తగ్గ నోరు కూడా ఇచ్చాడు దేవుడు. పని చేస్తున్నంతసేపూ చుట్టూ నలుగురు చేరాలి, ఆయన ఒక మాట విసరాలి, వాళ్లు పగలబడి నవ్వాలి. లేకపోతే ఆయనకు స్పానరు తిరగదు. "ముందు మనిషి చేతిని అనుమానించండిరా, తర్వాతే యంత్రాన్ని" అనేది ఆయన సిద్ధాంతం. ఆ చెయ్యి ఎప్పుడూ ఎదుటివాడిదే అవుతుంది, అది వేరే సంగతి.

ఆసుపత్రి ముందంతా పచ్చిక. దాన్ని కోయడానికి కూర్చుని నడిపే బండి ఒకటుంది. ముందు ఇంజను, వెనక సీటు, కడుపు కింద బ్లేడ్లు. దాన్ని నడిపేది మేస్త్రీ బావమరిది, అంటే భార్యకు సొంత తమ్ముడు. నిప్పంటుకున్నా నడిచే వెళ్తాడు తప్ప పరుగెత్తడు కనక అందరూ 'నిదానం' అంటారు. పదకొండేళ్లు ఆకులూడ్చాక ఆ సీటు దక్కింది. దక్కిన రోజు అక్క ఇంటికొచ్చి, "అక్కా, ఇక నుంచి కూర్చుని చేసే పని" అని చెప్పి సిగ్గుపడ్డాడు. రోజూ పొద్దున్నే సీటు తడిగుడ్డతో తుడిచి మరీ ఎక్కేవాడు. పై అంతస్తు కిటికీల్లోంచి రోగులు చెయ్యి ఊపితే, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి ఎత్తేవాడు.

ఆ నెల బండికి నూనె, ఫిల్టరు మార్చాడు మేస్త్రీ. నాలుగు రోజులు తిరక్కుండానే టీ వేళకు నిదానం షెడ్డు దగ్గరికొచ్చాడు.

"బావా, బండి కింద నూనె పడుతోంది. నువ్వు సర్వీసు చేసిన దగ్గర్నుంచీ చూస్తున్నా."

అదే ఏ మూలకో పిలిచి చెప్పుంటే ఏమయ్యేదో. అప్పుడు మేస్త్రీ చుట్టూ ఆరుగురున్నారు.

"నా సర్వీసుకే వంక పెడతావట్రా? ఎక్కడో గట్టెక్కించుంటావు, అడుగున రాయి తగిలుంటుంది."

"ఎక్కించలేదు బావా."

"ఊరుకోరా! మా బావమరిది ఎక్కితే యంత్రం కూడా ఏడుస్తుందిరోయ్! నూనె కాదర్రా అది, పాపం, కన్నీళ్లు!"

ఘొల్లుమన్నారు అందరూ. నిదానం కూడా నవ్వాడు. బావ వేళాకోళమాడితే బావమరిది నవ్వాలి కదా, నవ్వాడు.

ఆ మాట బట్టలుతికే గదికి వెళ్లింది, వంటింటికి వెళ్లింది, గేటు దాకా వెళ్లింది. వారం తిరిగేసరికి నూనె పడ్డచోటల్లా పచ్చిక మాడి గోధుమరంగు మచ్చలు తేలాయి. ఆవరణ చూసుకునే పెద్ద మేడమ్ మేస్త్రీని పిలిచి కారణం అడిగింది. ఆయన తడుముకోకుండా, "నడపడం రాక, మేడమ్" అన్నాడు. అంతే! రెండే రెండు ముక్కలు. మర్నాడు బండి షెడ్డుకు చేరింది, నిదానం చీపురు దగ్గరికి చేరాడు. సోమవారం నుంచి సీటు మీదకు కొత్త మనిషి వస్తాడన్నారు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ భార్య అడిగింది. "మా తమ్ముడు నిజంగా గట్టెక్కించాడాండీ?"

"నేను అబద్ధం చెప్తానా?"

"చెప్పరు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

మేస్త్రీ నోట్లో ముద్దను మంచినీళ్లతో దింపేశాడు.

శనివారం బండి కింద దూరాడు. రాయి తగిలితే గీత పడాలి, సొట్ట పడాలి. అడుగున రంగు కూడా చెదరలేదు. నూనె వదిలే బోల్టు వదులైందేమోనని దాని వాషరు మార్చి బిగించాడు. ఇంజను వేడెక్కగానే మళ్లీ టప్, టప్. ఇక లాభం లేదని ఇంజనంతా కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇంటినుంచి తెచ్చిన ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. తెల్లటి పౌడరు మీద నూనె ఎక్కణ్ణుంచి బయల్దేరితే అక్కణ్ణుంచే చార పడుతుంది. ఇంజను నడిపించి, స్టూలు మీద కూర్చుని, కళ్లార్పకుండా చూశాడు.

అయిదో నిమిషాన చార పడింది. ఫిల్టరు పై అంచునుంచి మొదలై, సన్నగా కిందికి.

ఇంజను చల్లారాక ఫిల్టరు విప్పాడు. దాని రబ్బరు రింగు దానికే ఉంది. అది ఆనుకునే చోట వేలితో తడిమితే మెత్తగా తగిలింది. గోటితో గీకి లాగితే ఇంకో రింగు ఊడొచ్చింది. పాత ఫిల్టరుది! విప్పినప్పుడు ఊడిరాక ఇంజనుకే అతుక్కుపోతే, దానిమీదే కొత్తది బిగించేశాడు. రింగు మీద రింగు పడితే నూనె ఎక్కడ ఆగుతుంది!

'పాత రింగు వచ్చిందో లేదో వేలు పెట్టి చూడండిరా' అని ఎంతమందికి చెప్పాడో ఆయనకే లెక్క తెలియదు. ఆ రోజు తను మాత్రం వేలు పెట్టలేదు. ఫిల్టరు తిప్పుతూ గేటు కాపలావాడు ఎలా గురకపెడతాడో చేసి చూపిస్తున్నాడు. అందరూ పడీపడీ నవ్వుతున్నారు.

తల కొట్టేసినట్టయింది. షెడ్డులో ఎవరూ లేకపోయినా వాకిలి వైపు చూసి రింగును జేబులో వేసుకున్నాడు.

కొత్త ఫిల్టరు బిగించి, తగ్గిన నూనె పోసి అరగంట నడిపించాడు. పౌడరు పొడిగానే ఉంది. అంతలో పెద్ద మేడమ్ వచ్చింది.

"బాగైందా? దేనివల్ల?"

"రబ్బరు రింగు, మేడమ్."

"దెబ్బ తగిలి పోయిందా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అవుననలేదు, కాదనలేదు.

"సరే, సోమవారం వచ్చే మనిషికి నడపడం మీరే నేర్పండి" అని ఆమె వెళ్లిపోయింది. మేస్త్రీ తలూపాడు. ఆ ఊపిన తల మీద ఆయనకే అసహ్యం వేసింది.

బయటికొస్తే షెడ్డు గుమ్మం దగ్గర నిదానం గొంతుక్కూర్చుని ఉన్నాడు. మాడిన మట్టి తవ్వితీసి, వేరేచోటి పచ్చిక పెళ్లలు తెచ్చి అతుకుతున్నాడు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. మచ్చలు ఆ గుమ్మం దగ్గరే మొదలై వరసగా పోతున్నాయి. రాళ్ల గట్టు ఎక్కడో ఆ చివరుంది. బండి షెడ్డులోంచే కారుతూ బయల్దేరిందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. మేస్త్రీ మాత్రం చూడలేదు.

"బాగైందా బావా?"

"అయింది."

"హమ్మయ్య. మంచి బండి బావా అది" అని మళ్లీ మట్టిలో చెయ్యి పెట్టాడు.

మేస్త్రీ ఇక నిలవలేకపోయాడు. తిన్నగా పెద్ద మేడమ్ గదికి వెళ్లి రింగు బల్లమీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇది ఇందాక చెప్పాల్సిన మాట" అంది ఆమె. ముఖం చెల్లక నేల చూశాడు. అక్కణ్ణుంచి టీ తాగేచోటికి వెళ్లి, ఆ ఆరుగురి ముందూ రింగు పైకెత్తి చూపించాడు. "వాడు గట్టెక్కించలేదు. తప్పు నాది. నేనే వేలు పెట్టి చూడలేదు."

బట్టలుతికే అతను వెంటనే అందుకున్నాడు. "అయితే మేస్త్రీ చెయ్యేస్తే బండి ఏడుస్తుందన్నమాట!"

మళ్లీ ఘొల్లుమన్నారు. ఈసారి మేస్త్రీకి నవ్వు రాలేదు. నవ్వులపాలవడమంటే ఏమిటో ఇన్నేళ్లకు తెలిసొచ్చింది. దూరంగా గ్లాసు పట్టుకుని నిలబడ్డ నిదానం కూడా నవ్వలేదు.

సోమవారం సీటు మళ్లీ నిదానానిదే అయింది. తడిగుడ్డతో తుడిచి ఎక్కాడు. మేస్త్రీ షెడ్డు వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. ఒక చుట్టు తిరిగాక బండి ఆగింది. నిదానం ఇంజను ఆపి, దిగి, మోకాళ్ల మీద కూర్చుని కిందికి తొంగిచూసి మళ్లీ ఎక్కాడు. ఇంకో చుట్టు, మళ్లీ ఆపాడు, మళ్లీ దిగాడు. పైన కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపుతున్నారు. అతను చూడనే లేదు.

నాలుగోసారి దిగాక మేస్త్రీయే అతని దగ్గరికి వెళ్లాడు.

"ఏమైనా కారుతోందట్రా?"

"లేదు బావా. పొడిగానే ఉంది."

"మరెందుకు దిగుతున్నావు?"

నిదానం చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "తప్పు నాది కాదని తెలుసు బావా. అయినా నేనెక్కితే ఏడుస్తుందన్నావుగా. దిగి చూస్తేగాని మనసు ఒప్పట్లేదు."

మేస్త్రీ బావమరిది పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, తనూ తలవంచి బండి కిందికి చూశాడు. కింద పచ్చిక పొడిగానే ఉంది.