అక్క కంటి నంబరు

మా బావకు మనుషుల పేర్లు గుర్తుండవు, నంబర్లు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా నమస్కారం పెడితే తానూ పెట్టి, వాళ్లు రెండడుగులు దాటాక నా చెవిలో "మైనస్ రెండున్నర, ఎడమ కన్ను కాస్త బద్ధకం" అంటాడు. ముప్పై ఏళ్లుగా కళ్లద్దాల షాపు నడుపుతున్నాడు. ముందు గదిలో కళ్లు చూడటం ఆయన పని, వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించడం నా పని. బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అంటారు. నేను బతకగోరేవాడినే కానీ, అద్దం అంచు వెంట్రుకవాసి తేడా వచ్చినప్పుడు ఆయన చూసే చూపుకి ఒక్కోరోజు దాయాదిగా పుట్టి ఉంటే బాగుండేదనిపించేది.

షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ ఒక అట్టముక్క ఉంటుంది. దాని మీద తేదీ, నంబరు, చివర మళ్లీ రావలసిన తేదీ. సరిగ్గా ఏడాదికి వేస్తాడు. రెండేళ్లకొచ్చిన వాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి మరీ చీవాట్లు పెడతాడు. "కళ్లు మీవే కావచ్చు, నంబరు మాత్రం నాది. నన్నడక్కుండా అదెలా పెరుగుతుంది?" అంటాడు. వాళ్లు నవ్వుతూ తిట్లు తిని వెళ్లేవాళ్లు.

ఆయన భార్య మా అక్క. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. మైనస్ నాలుగు. దూరం చూడాలంటే కళ్లద్దాలు పెట్టుకోవాలి, దగ్గరి అక్షరం చదవాలంటే తీసేయాలి. అందుకని ప్రెస్సులో ఉన్నంతసేపూ అవి నెత్తిమీదే ఉండేవి. ఇంట్లో బావ నోరు విప్పగానే ముక్కు మీదికి దించుకునేది. "ఈయనలో తప్పులు కాస్త దూరం నుంచి చూస్తే గానీ తెలియవురా" అనేది.

ఆకాశం గురించిన పుస్తకమొకటి ఏటేటా ఆమె దగ్గరికి ప్రూఫుకొచ్చేది. ఏ నెలలో ఏ గ్రహం ఎక్కడుంటుందో పట్టికలు. పదకొండేళ్లు దిద్దింది. పన్నెండో ఏడు, "ఉన్నాయో లేవో తెలియని వాటికి తప్పులు దిద్దుతూ కూర్చున్నాను. ఒక్కసారైనా చూడొద్దా?" అని టెలిస్కోపు కొంటానంది. బావ ఒకే ఒక్క సలహా ఇచ్చాడు.

"పెద్దది వద్దు, మంచిది కొను. ముందు అద్దం అరచేయంత ఉన్నా చాలు. గాజు మంచిదైతే చంద్రుడి అంచున ఊదారంగు రాదు."

అలాగే కొంది. తెల్లటి గొట్టం, మూరెడు పొడవు, మూడుకాళ్ల స్టాండు. డాబా మీది రేకుల గదిలో పెట్టుకుంది. సాయంత్రం ప్రెస్సు నుంచి రాగానే మెట్లెక్కేది. రోజూ బావను పిలిచేది. "పొద్దంతా గాజులోంచే చూసి చస్తున్నాను, పొద్దుగూకాక కూడానా?" అనేవాడాయన. నన్నూ పిలిచేది. నేను రేపనేవాణ్ని. ఒక ఉదయం షాపుకొచ్చి, "అందరినీ శని పట్టుకుంటాడంటారు కదా, నిన్న నేనే ఆయన్ని పట్టుకున్నాను" అంది. "ఏడున్నరేళ్ల దాకా వదలకక్కా" అన్నాను. శని చుట్టూ ఉండే ఉంగరం ఎలా ఉందని కూడా అడగలేదు.

కిందటి చలికాలంలో, చీకటి పడుతుండగా, డాబా మీంచి దిగుతూ పడిపోయింది. పదిహేడు మెట్లలో మలుపు దగ్గరి మెట్టు తప్పింది. తలకు దెబ్బ తగిలి మూడో రోజు ఆసుపత్రిలో పోయింది. కళ్లద్దాల మీద గీత కూడా పడలేదు. నర్సు వాటిని కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. కాలు జారిందని అందరూ అన్నారు. నేనూ అలాగే అన్నాను.

నాకు మాత్రం ఒక సంగతి తెలుసు. పోవడానికి ఏడు వారాల ముందు అక్క వెనక గదిలోకొచ్చి, నేను అద్దం అరగదీస్తుంటే పక్కన నిలబడి, "బస్సు బోర్డు దగ్గరికొచ్చేదాకా కనబడట్లేదురా. మీ బావకి తీరికున్నప్పుడు ఒకసారి నా కళ్లు చూడమని చెప్పు" అంది. ఒకే ఇంట్లో ఉంటూ మధ్యలో నా రాయబారం ఏమిటని నాకు నవ్వొచ్చింది. "అందరిలాగే వచ్చి వరసలో కూర్చో" అన్నాను. అక్క కూడా నవ్వి, నా నెత్తిన ఒకటి మొట్టి వెళ్లిపోయింది. ఆ మాట నేను బావకు చెప్పలేదు. మరిచిపోయాను. ఆమె పోయాక గుర్తొచ్చింది కానీ, అప్పుడు చెప్పడానికి నోరు రాలేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. బావ షాపు త్వరగా మూయడం మొదలుపెట్టాడు. ఒకరోజు తాళంచెవులు ఇవ్వడానికి వెళ్తే ఇంట్లో లేడు. పైకెక్కాను. మలుపు దగ్గర గోడ పట్టుకుని, ఆ మెట్టు దాటేసి ఎక్కాను. అక్క ఎత్తుకు సరిపోయే పొట్టి స్టూలు మీద మోకాళ్లు ముడుచుకుని, బావ టెలిస్కోపుకి కన్ను ఆనించి ఉన్నాడు. ఆమె శాలువా ఆయన భుజాన ఉంది. ఎంతసేపటికీ కదల్లేదు.

"ఏం కనబడుతోంది బావా?"

"నువ్వే చూడు" అని లేచాడు.

వంగి చూశాను. పాలలో నానిన అట్టముక్కలాంటి తెల్లటి మసక. చంద్రుడట. "ఇదేం చూడటం? ఫోకస్ కుదరలేదు" అని పక్కనున్న మర మీద చెయ్యి వేయబోయాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు. అంత గట్టిగా ఆయన నన్నెప్పుడూ పట్టుకోలేదు.

"ముట్టుకోకు. అది ఆమె పెట్టింది."

మెల్లగా చెప్పాడు. అక్క కళ్లద్దాలు తీసేసి చూసేదట, ఆమే ఆయనకు చెప్పేది. చూసి, ఫోకస్ తన కంటికి కుదిరాక మర కదలకుండా పక్కన స్క్రూ బిగించేదట. అదింకా బిగించే ఉంది. "ఇంట్లో అన్నీ సర్దేశారు. చీరలు మడత మార్చారు, దువ్వెన కడిగేశారు. ఈ మర ఒక్కటే ఆమె వదిలిన చోట ఉంది. మనిషి ఇప్పుడే లేచి వెళ్లినట్టుంటుందిరా" అన్నాడు. అంటే ఎనిమిది నెలలుగా రోజూ ఆ మసకనే చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. బతికుండగా ఒక్కసారి ఎక్కి ఉంటే ఏం పోయేదని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆ వారం సెలవు రోజున, పొద్దుగూకే వేళకి, షాపులోని పరీక్ష అద్దాల పెట్టె, వాటిని వేసి చూసే ఖాళీ ఫ్రేమూ తీసుకుని పైకి రమ్మన్నాడు. "మర తిప్పకుండా ఆమె చూసింది చూస్తాను" అన్నాడు. ఆ పెట్టె ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు.

ముందుగా ఆసుపత్రి కవర్లోంచి అక్క కళ్లద్దాలే తీసి పెట్టుకుని చూశాడు. ఉన్న మసక ఇంకా చిక్కబడింది. నంబర్లలోనే తల నెరిసినవాడు పప్పులో కాలేశాడు. కాసేపు వాటిని చేతిలో తిప్పుతూ కూర్చుని, తనమీద తనే నవ్వుకున్నాడు.

"ఇవి ఆమె కన్ను కాదురా, ఆమె కంటికి విరుగుడు. నాకు కావలసింది విరుగుడు కాదు, ఆమె కన్ను. మైనస్ కాదు, ప్లస్ నాలుగివ్వు."

ఇచ్చాను. ఆయన దూరం చూపుకి వంకలేదు కాబట్టి, ప్లస్ నాలుగు పెట్టుకుంటే అక్కలాగా చూడాలి. లెక్క సరైనదే. ఆ రోజు గొట్టం శని వైపు తిప్పి ఉంది. చూశాడు.

"దగ్గరికొచ్చింది. కానీ తేటపడలేదు. పావు పెంచు."

నాలుగుంపావు ఇచ్చాను.

"ఇంకో పావు."

నాలుగున్నర. అద్దాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. స్క్రూ జారి ఉండొచ్చు బావా అన్నాను. ఆయన వినలేదు. రోజూ షాపులో అనే మాటే, అదే గొంతుతో, "ఇది బాగుందా, ఇది బాగుందా" అని తనను తానే అడుగుతున్నాడు. ముప్పావు. ఐదు. ఐదుంపావు.

"ఉంగరం" అన్నాడు.

ఐదున్నర అడిగి పెట్టి చూశాడు, మళ్లీ మసకైంది. ఐదుంపావే మళ్లీ పెట్టాడు. అప్పుడు ఆ అద్దాన్ని ఫ్రేములోంచి తీసి, అంచున చెక్కిన అంకెను గోటితో తడిమాడు. ఆ అంకె చదవడానికి ఆయనకు వెలుతురు అక్కర్లేదు.

"ఒకటింపావు పెరిగింది" అన్నాడు. "శుక్లం మొదలైతే ఇలాగే పెరుగుతుంది. ఒకటింపావు తక్కువ అద్దాలతో, ఈ వెలుతురులో, ఆ మెట్లు."

నా వైపు తిరిగాడు. "నీతో ఏమైనా అందా?"

అబద్ధం నాలుక మీదే ఉంది. ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది. కానీ అక్క కన్నే మా మధ్య కూర్చుని సాక్ష్యం చెప్పాక ఇంకేం దాచగలను?

"అంది బావా. బస్సు బోర్డు కనబడట్లేదంది. నీకు చెప్పమంది. వరసలో కూర్చోమన్నాను."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.

"నాతోనూ అందిరా" అన్నాడు. "మూడుసార్లు. నువ్వెక్కడికి పోతావు, ఇంట్లోనే ఉంటావుగా, రేపు చూద్దాంలే అన్నాను."

ఇద్దరం ఆ రేకుల గదిలో ఏడ్చాం. ఆ అద్దాలు సరిగ్గా ఉంటే పడేది కాదా అంటే ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరన్నదే ఈనాటికీ మమ్మల్ని పీక్కుతింటోంది.

కాసేపటికి బావ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆ అద్దం నా కంటి ముందు పెట్టాడు. నేను ఏదో పెద్దది కనిపిస్తుందనుకున్నాను. ఎంత చిన్నదో! కందిగింజంత కూడా లేదు. లేత పసుపు గుండు, దాని చుట్టూ ఎక్కడా అంటుకోకుండా ఉంగరం. అంచున రంగు లేదు, వణుకు లేదు. దిద్దాల్సిందేమీ లేని పేజీలా ఉంది. చూస్తుండగానే మెల్లగా పక్కకి జరిగి జరిగి అంచు దాటి పోయింది. బావ గొట్టాన్ని వేలితో కొంచెం నెట్టాడు, మళ్లీ వచ్చింది. పట్టుకుని ఉండకపోతే పోతూనే ఉంటుందని అప్పుడు చెప్పాడు. ఈ కంటితోనే ఇదే చూసి, మా అక్క ఆ పొద్దున పరుగున షాపుకొచ్చింది.

మర్నాడు షాపు తెరవగానే బావ పాత డబ్బాలోంచి అక్క అట్టముక్క వెదికి తీశాడు. చివరిసారి కళ్లు చూసి ఆరేళ్లయింది. కింద ముందురోజు తేదీ వేసి, మైనస్ ఐదుంపావు అని రాశాడు. ఆ నంబరుకి అద్దాలు చేయమని నాకిచ్చాడు. ఎందుకని అడగలేదు. నా జన్మలో అంత నున్నగా ఏ అంచూ అరగదీయలేదు. తెచ్చిస్తే వేలితో తడిమి, తలూపాడు.

అట్ట మళ్లీ డబ్బాలో పెట్టేటప్పుడు చూశాను. మళ్లీ రావలసిన తేదీ దగ్గర, చెయ్యి అలవాటు చొప్పున, సరిగ్గా ఏడాది తర్వాతి తేదీ వేసేసింది. బావ కూడా అప్పుడే చూసుకున్నాడు. కొట్టేయడానికి కలం ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుని, కొట్టేయకుండానే కలానికి మూత పెట్టేశాడు.