అద్దం మీద పంచె

మా ముత్తాత పదకొండు ఊళ్ల జమీందారు. తాతగారు జరీపంచె లేకుండా గడప దాటేవారు కాదు. ఆ వంశంలో మిగిలిన నేను బర్మింగ్‌హామ్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను.

కింది ఫ్లాట్‌లోని డాక్టర్ అంకుల్, మంచు పడేలా ఉన్న ప్రతి సాయంత్రం తన కారు ముందు అద్దానికి పాత పంచె కప్పి, అంచులు తలుపుల్లో బిగించేవారు. తరవాత నా కారుకీ కప్పేవారు.

"పంచెను ఇలా వాడతారా అంకుల్?" అన్నానొకసారి, ముఖం చిట్లించి.

"పొద్దున్నే మంచు గీక్కుంటా కూచుంటే డ్యూటీకి లేటవ్వదా బాబూ?" అని నవ్వారు.

థాంక్స్ చెప్పడం మా ఇంట అలవాటు లేదు. నేనూ చెప్పలేదు.

జనవరిలో ఆయన గుండెపోటుతో పోయారు. ఆ వారమే మళ్లీ మంచు పడుతుందని వార్తల్లో చెప్పారు. నా దగ్గర మిగిలిన తాతగారి జరీపంచె తీసుకెళ్లి ఆయన కారు అద్దానికి కప్పాను.

"పొద్దున ఆ కారు ఎవరు తీస్తారు బాబూ?" అన్నారు ఆంటీ, గుమ్మంలో నిలబడి.

మార్చిలో ఆంటీ ఆ కారు అమ్మేశారు.