లేవని సేనాని

అది 1967. తెనాలిలో నేనొక దినపత్రికకు స్ట్రింగర్‌ని, అంటే నెల జీతం లేని విలేకరిని. జరిగింది రాసి, కవర్లో పెట్టి, విజయవాడ వెళ్లే రైల్లో పంపితే మర్నాడు అచ్చయ్యేది. రేపల్లె దాకా సభలు, కాలవ గండ్లు, నాటకాలు అన్నీ నా వంతే.

పద్య నాటకాలు జోరుగా ఆడుతున్న రోజులవి. పద్యం నచ్చితే జనం ‘వన్స్‌మోర్’ అనేవారు. నటుడు కథ ఆపి మళ్లీ పాడాలి. అది మర్యాద. జంపనిలో పేరున్న నటుడొకరు పద్యం పాడి ప్రాణం విడిచి, వన్స్‌మోర్ వినపడగానే లేచి, తలపాగా సర్దుకొని, మళ్లీ పాడి మళ్లీ చనిపోవడం నేను కళ్లారా చూశాను. ఎవరూ నవ్వలేదు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ రోజు నా పక్కన నిలబడి, చప్పట్లు కొట్టనివాడు కరీముల్లా. తెనాలిలో వాళ్ల నాన్న దర్జీ. నాటక సమాజాల దుస్తులు అక్కడే కుట్టేవారు. అప్పగించే ముందు ప్రతి అంగరఖా తొడుక్కొని, దుకాణం అద్దం ముందు పద్యాలు పాడటంతోనే కరీముకు నటన పిచ్చి పట్టుకుంది. తర్వాత చిన్న వేషాలు దొరికాయి. గొంతు బాగుందని అందరూ అనేవారు. పెద్ద వేషం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

రేపల్లెలో ఒక చారిత్రక నాటకానికి అసలు నటుడు జ్వరంతో రాలేకపోయాడు. కోటను కాపాడుతూ చనిపోయే సేనాని వేషం కరీముకు వచ్చింది. నటుల్ని కుదిర్చి, టిక్కెట్లు అమ్మి నాటకం ఆడించేవాణ్ని కంట్రాక్టరు అంటారు. ఆయన పేరు వీర్రాజు. ఈ ఒక్కటీ పండిస్తే ఆ ఏడాది సేనాని వేషాలన్నీ నీవేనని కరీముకు మాటిచ్చాడు. వన్స్‌మోర్ పడితే వెంటనే అందుకోమని కూడా చెప్పాడు.

రంగు వేసుకుంటున్న కరీము అద్దంలోంచే నన్ను చూస్తూ, “చచ్చాక లేవనండి అన్నయ్యగారూ” అన్నాడు. సరదాకి అంటున్నాడనుకున్నాను.

ఆఖరి పద్యం పాడి కరీము నేలకొరిగాడు. పందిరి దద్దరిల్లింది. వన్స్‌మోర్. కరీము కదల్లేదు. హార్మోనిస్టు శ్రుతి వదలకుండా మెట్లు నొక్కుతూనే ఉన్నాడు. వీర్రాజు పక్క తెర వెనక నుంచి “లెగరా, కొంప ముంచకు” అని పళ్లు నూరాడు. ముందు వరసలో ఉన్న భట్టిప్రోలు రైతొకడు లేచి నిలబడ్డాడు.

“ఏంటయ్యా, డబ్బులిచ్చి వచ్చాం. లేచి పాడతావా లేదా?”

ఒక చెప్పు వచ్చి కరీము భుజానికి తగిలింది. అతని కనురెప్ప కూడా ఆడలేదు.

అప్పుడు సేనాని తల్లి వేషంలో ఉన్న నాగరత్నం గారు రంగం మీదికొచ్చారు. ముప్పై ఏళ్లుగా ముఖానికి రంగేసుకుంటున్న మనిషి. ఆ చెప్పు తీసి పక్కన పెట్టి, కరీము తల ఒళ్లోకి తీసుకొని, జనం వైపు చూశారు.

“చచ్చినోణ్ని లేపమంటే ఎలాగండి? లేపగలిగితే నేనే లేపుకుందును గదండి, నా కొడుకుని.”

ఆ మాట నాటకంలో లేదు. శ్రుతి ఆగిపోయింది. నిలబడ్డ రైతు మెల్లగా కూర్చున్నాడు. ఆవిడ ఏడుపు మొదలుపెట్టాక పందిట్లో ఇంకే శబ్దమూ లేదు.

చూసింది చూసినట్టు రాసి పంపాను, అచ్చయింది. ఆ సాయంత్రమే వీర్రాజు మా ఇంటికొచ్చాడు. కరీము తాగి ఉండటం వల్ల లేవలేకపోయాడని మరో ముక్క రాయమన్నాడు. వన్స్‌మోర్‌కు లేవకపోయినా చెల్లుతుందని మిగతా నటులకు తెలిస్తే తన వ్యాపారం గంగలో కలుస్తుందట. ఒకసారి రాశాను, తిప్పి రాయనని చెప్పాను. “ఆడికి ఈ జిల్లాలో మళ్లీ రంగు పడదండి, రాసుకోండి” అంటూ వెళ్లాడు.

రెండేళ్లు నిజంగానే పడలేదు. కరీము మిషను తొక్కాడు. క్షమాపణ చెప్పమని వీర్రాజు రెండుసార్లు కబురు చేశాడు. కరీము వెళ్లలేదు. పద్యాలు లేని సాంఘిక నాటకాలు ఆడే బాపట్ల కుర్రాళ్లు, దుస్తులు కుట్టించుకోవడానికి వచ్చి, కొలతలు తీస్తున్న మనిషినే నాటకంలోకి లాక్కుపోయారు. ఆ నాటకాల పోటీల్లోనే అతన్ని చూసిన ఒక సినిమా దర్శకుడు మద్రాసు రమ్మన్నాడు.

డెబ్బైల్లో అతని మొదటి సినిమా తెనాలి వచ్చింది. మూడో రీలులోనే చనిపోయే పోలీసు వేషం. ఇద్దరం వెనక వరసలో కూర్చున్నాం. తెర మీద కరీము నేలకూలగానే బెంచీల్లోంచి మనవాడేనని ఈలలు, వన్స్‌మోర్ కేకలు. ఆ వెంటనే తర్వాతి సీను వచ్చేసింది.

కరీము నా చెవి దగ్గర, “ఇక్కడ వీర్రాజుగారు కూడా లేపలేరండి” అన్నాడు.

ఆ తర్వాత చాలాసార్లు, ఎవరికో నచ్చలేదని, రాసిన వార్తను తిప్పి రాయమని నన్ను అడిగారు. బతిమాలారు, బెదిరించారు. అప్పుడల్లా భుజానికి చెప్పు తగిలినా కదలకుండా పడుకున్న ఆ సేనాని గుర్తొచ్చేవాడు. నేనూ లేవలేదు.