సముద్రం తిప్పి పంపిన బతుకమ్మ

చేతిలో మైకు ఉన్నా లేకపోయినా అందరం ఉపన్యాసాలిచ్చిన కాలం అది. తెలంగాణ ఉద్యమం రోజులు. జగిత్యాలలో ఏ చౌరస్తా చూసినా ఒక టెంటు, టెంటు కింద రిలే దీక్ష, పక్కనే చాయ్ బండి. రేపు ఏది నడుస్తుందో ఏది బందో ఎవరికీ తెలియదు. కరీంనగర్ పోవడానికే బస్సు దొరక్క జనం అల్లాడుతున్న ఆ రోజుల్లో నేను వాళ్ళకు అండమాన్ దీవులు అమ్మేవాడిని. ఇప్పుడు తలుచుకుంటే నా ధైర్యానికి నాకే భయం వేస్తుంది. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్ళంటే ధర్మపురి దగ్గర గోదావరే. అందులోనూ మోకాళ్ళు దాటి దిగిన పాపాన పోలేదు.

మాది కోరుట్ల. డిగ్రీ అయిపోయి ఊరికే తిరుగుతున్న నన్ను మా అక్క మొగుడు జగిత్యాలలో తన ట్రావెల్స్ దుకాణంలో కూర్చోబెట్టాడు. బావ మాత్రం రోజూ ఎదురుగా ఉన్న టెంటులో దీక్షకు కూర్చునేవాడు. (మధ్యాహ్నం పూట దుకాణం వెనక గదిలోకి వచ్చి ఇడ్లీ తినిపోయేవాడన్న సంగతి ఇన్నేళ్ళుగా అక్కకు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పినట్టయింది.) గిరాకీ ఎట్లా పెంచాలా అని ఆలోచించి నేనొక కరపత్రం తయారుచేశాను. అండమాన్ పోయినవాళ్ళందరూ జైలు చూస్తారు, బీచ్ చూస్తారు, గాజు అడుగున్న పడవ ఎక్కుతారు. అవి అందరూ చెప్పేవే కదా, మనం కొత్తగా ఏదైనా చెప్పాలని 'దీవికి పోయినవాళ్ళకు కూడా తెలియని విశేషాలు' అని పేరు పెట్టాను. పొద్దుగూకే వేళ గుంపులుగుంపులుగా ఒకే దీవికి చేరే చిలుకలు, నేలలోంచి బుడబుడమని పొంగే బురద, తలకు టోపీలాంటిది పెట్టుకుని సముద్రం అడుగున నడక. ఇంతవరకు అక్కడ ఉద్యోగం చేసి వచ్చిన ఒక బ్యాంకు ఆయన చెప్పిన నిజాలే. మిగతావి నా బుర్రలోంచి ఊడిపడ్డాయి. కొబ్బరిచెట్టు మీద కూర్చుని భోజనం అని కూడా రాశాను. ప్రెస్సు ఆయన తన అలవాటు కొద్దీ అడుగున 'జై తెలంగాణ' అని అచ్చు వేసి ఇచ్చాడు. ఆ రోజుల్లో పెళ్ళిపత్రికల మీద కూడా అది ఉండేది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ కరపత్రం చూసి వచ్చినాయనే సాంచల మామ. సిరిసిల్లలో ఆయనకు బట్ట నేసే సాంచలు ఉండేవి. మా బావకు దూరపు చిన్నాయన, ఆ లెక్కన నాకు మామ. పుట్టినప్పటి నుంచి సాంచల చప్పుడులోనే బతికిన మనిషి కాబట్టి పక్కన కూర్చున్నవాడితో కూడా వీధి అవతలి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడేవాడు.

"అల్లుడా! మీ అత్తమ్మకు సముద్రం సూపియ్యాలెరా!" అని ఆయన దుకాణంలో అంటే, టెంటులో కునుకు తీస్తున్న బావ ఉలిక్కిపడి "జై తెలంగాణ" అన్నాడు.

చిక్కేమిటంటే సాంచలు నిలిచేది దసరాకే. పోతే అప్పుడే పోవాలి. దసరా ముందే బతుకమ్మ పండుగ చివరి రోజు, పూలను తాంబాళంలో పేర్చి, ఆడి, నీళ్ళలో వదిలే సద్దుల బతుకమ్మ వస్తుంది. మామ పక్కన కూర్చున్న అత్తమ్మ మెల్లగా, కానీ ఖచ్చితంగా చెప్పింది.

"నేను రాను. పోయినేడు మా అవ్వ పాయె, బతుకమ్మ పేర్చలే. అవ్వ తాంబాళం అట్లనే అటుక మీద ఉన్నది. ఈయేడు గూడ పేర్చకుంటె నా పాణం ఊకుంటదా?"

మనిషి పోయిన ఇంట్లో ఆ ఏడాది పండుగ చేయరు. బతుకమ్మ పేర్చడం నేర్పిన తల్లి పోయాక ఆమె మొదటిసారి పేర్చబోయే బతుకమ్మ అది. ఆ మాట వినగానే మంచి మనసున్నవాడెవడైనా "అయితే వచ్చే ఏడు పోండి అత్తమ్మా" అని ఉండేవాడు. నేను నెలంతా ఈగలు తోలుతూ కూర్చున్నవాడిని.

"ఆడనే పేర్చుకోవచ్చు అత్తమ్మా. సుట్టూ నీళ్ళే!"

"నీళ్ళుంటయ్ తీ. తంగేడు పువ్వుంటదా? తంగేడు లేకుంటె అది బతుకమ్మెట్లయితది?"

"ఉంటదా అంటవేంది? దీవంత అదే. పసుపు ఆరబోసినట్టుంటది."

ఆమె నా ముఖంలోకి చూసింది. నమ్మింది. వాళ్ళ వాడకట్టు ఆడవాళ్ళను కూడా ఒప్పించింది. నేను ఆ సాయంత్రమే ప్రెస్సుకు పోయి కరపత్రంలో 'తంగేడు వనంలో విహారం' అని చేర్పించాను. అచ్చులో చూసుకున్నాక నాకే అది నిజమేమో అనిపించింది.

బావ దీక్ష వదిలి రాలేనని నన్నే వాళ్ళ వెంట పంపాడు. దారిలో ఒకచోట రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండి ఆపి, మా అందరికీ అన్నం పెట్టి, మామ చేత నినాదాలు ఇప్పించి గానీ వదల్లేదు. (మైకు చెడిపోతే మామనే మైకులాగా వాడుకున్నారు.) విమానాశ్రయం తనిఖీలో అత్తమ్మ సంచిలోంచి ఇత్తడి తాంబాళం, పసుపు పొట్లం బయటపడ్డాయి. ఆ పొడి ఏమిటని హిందీలో అడిగారు. "గౌరమ్మ! గౌరమ్మ!" అని మామ చెప్పిన జవాబు ఆ హాలులో ప్రతి ఒక్కరికీ వినిపించింది. పసుపుతో గౌరమ్మను చేసి బతుకమ్మ మీద నిలుపుతారని వాళ్ళకు అర్థమైందో లేదో గానీ, మళ్ళీ ఆ గొంతు వినడం ఇష్టంలేక వదిలేశారు.

దీవిలో దిగిన తర్వాత నా కళ్ళు సముద్రాన్ని చూడలేదు, చెట్లను చూశాయి. కొబ్బరి, పోక, అరటి, పేరు తెలియని మహావృక్షాలు. తంగేడు లేదు. చిలుకలు నిజంగానే గుంపులుగా వచ్చాయి, బురద నిజంగానే పొంగింది. మామ ప్రతిదానికీ "అల్లుడు సెప్పినట్టే ఉన్నదే!" అని అరుస్తుంటే నేను దారి పక్క చెట్లనే వెతుకుతున్నాను. సద్దుల రోజు తెల్లవారగానే అత్తమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"పా పిలగా. తంగేడు వనం ఏడున్నది?"

"అదీ... ఈయేడు పూయలేదట అత్తమ్మా. వానలు ఎక్కువైనయట."

"పువ్వు లేకుంటె మానె. చెట్టు సూపియ్యి."

తల వంచుకుని నిలబడ్డాను. "నేనెన్నడు రాలె అత్తమ్మా ఇటు" అన్నాను చివరికి.

"మరి మొదలే సెప్తె నేను రాకపోదును గద."

"అందుకే సెప్పలె."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మామకు చెప్పి నలుగురిలో నిలబెట్టినా బాగుండేది. ఆమె మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో ఉన్న ఖాళీ తాంబాళాన్ని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది అప్పటికే తళతళలాడుతోంది. అయినా తుడుస్తూనే ఉంది. నా బతుకులో నన్ను అంతగా ఎవరూ కొట్టలేదు.

కొంతసేపటికి లేచి, "సరే పా. ఏం పూలుంటె గవ్వే తెద్దాం. తప్పు నీది గదా, ముళ్ళ చెట్లు నువ్వే ఎక్కు" అంది.

ఆ రోజు ఆ దీవిలో కాగితం పూల చెట్టు ఒక్కటి కూడా నా చేతికి చిక్కకుండా పోలేదు. చేతులు గీరుకుపోయాయి. మామ ప్రతి గేటు ముందూ నిలబడి "ఫూల్ దేదో భాయ్!" అని అరిస్తే ఇళ్ళవాళ్ళు దొంగలేమోనని బయటికొచ్చి, సంగతి విని, మందారాలు, గన్నేర్లు కోసిచ్చారు. బజారులో గుప్పెడే బంతిపూలు దొరికాయి. సాయంత్రానికి అవ్వ తాంబాళంలో ఎరుపు, గులాబీ, తెలుపు రంగుల్లో ఒక వింత బతుకమ్మ లేచింది. పసుపు రంగు తక్కువైందని అత్తమ్మ గౌరమ్మను కాస్త పెద్దగా చేసింది.

ఒడ్డున ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడారు. తర్వాత అత్తమ్మ బతుకమ్మను తాంబాళంలోంచి తీసి నీళ్ళలో వదిలింది. మాకు తెలిసిన నీళ్ళు చెరువు నీళ్ళు. వదిలితే మెల్లగా కదిలి, తనంతట తానే లోపలికి పోతుంది. ఇక్కడ ఒక అల వచ్చి బతుకమ్మను తెచ్చి సరిగ్గా అత్తమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ తెచ్చింది. ఆడవాళ్ళ పాట ఆగిపోయింది.

"వద్దంటాందా ఏందే?" అంది ఒకామె.

అత్తమ్మ ముఖం పాలిపోయింది. "అవ్వకు నా మీద కోపమొచ్చినట్టున్నది. మన పూలు గావు, మన చెరువు గాదు, ఏడికో తెచ్చి ఇడిస్తి" అంది.

తప్పు నాది, కోపం అవ్వ మీద పడకూడదు. నేను బతుకమ్మను నెత్తి మీద పెట్టుకుని లోపలికి నడిచాను. నడుము దాకా బాగానే ఉంది. ఆ తర్వాత సముద్రం నన్నూ బతుకమ్మనూ కలిపి చుట్టి, తిప్పి, ఇసుకలో బోర్లా పడేసింది. లేచేసరికి చెవిలో గన్నేరు పువ్వు, నోట్లో ఉప్పునీళ్ళు. (సముద్రం అంత ఉప్పగా ఉంటుందని నా కరపత్రంలో లేదు.)

అటుగా చేపలగంప పట్టుకుని పోతున్న ఒకామె ఆగింది. "ఏటమ్మా ఇది, ఏ పండగ? ఏ ఊరు మీది?" అంది. తెలుగు!

"తెలంగాణ!" అని మామ పిడికిలి ఎత్తాడు.

"అలా అరుస్తావేటి బాబూ, నానేటీ కాదన్నానా? మాది సిక్కోలు. ఇక్కడ ఏది ఒగ్గినా ఓసారి ఎనక్కొస్తాదమ్మా. మళ్ళీ పంపాల, అంతే."

అత్తమ్మ ఆమెనూ, కాళ్ళ దగ్గర ఊగుతున్న బతుకమ్మనూ మార్చి మార్చి చూసింది. ఉన్నట్టుండి ఆమె ముఖం విప్పారింది.

"అవును గదనే! పోయినేడు ఆడలే గద! పోయినేటిదీ ఈయేటిదీ ఒక్కపారే ఆడుకుంటాంది మా అవ్వ!"

ఇక ఆ ఒడ్డున చూడాలి. అల తెస్తుంది, వీళ్ళు ఒడుపుగా పట్టుకుని నవ్వుతూ మళ్ళీ పంపుతారు. సిక్కోలు ఆమె గంప దించి వరుసలో కలిసింది. ఎక్కడి నుంచో వచ్చిన యాత్రికులు కెమెరాలు పక్కన పెట్టి తామూ తోశారు. పొద్దు కుంకేసరికి బతుకమ్మ పూర్తిగా విడిపోయి ఒడ్డంతా పూలే పరుచుకున్నాయి. గౌరమ్మ కరిగి ఒకచోట నీళ్ళు కాసేపు పసుపుగా కనిపించాయి. మామ జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి "సూడు" అన్నాడు.

ఇంటికొచ్చాక అత్తమ్మ నా తంగేడు అబద్ధం సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ ప్రతి సద్దుల నాడు సిరిసిల్ల నుంచి ఫోన్ చేసేది. "ఏం పిలగా, దీవిల తంగేడు పూసిందా?" "వచ్చే ఏడు పూస్తదట అత్తమ్మా." అటువైపు నవ్వు, వెనకాల మామ అరుపు. తెలంగాణ వచ్చింది, జగిత్యాల జిల్లా అయింది, బావ దుకాణం నాదయింది, ఆ ఫోన్ మాత్రం ఏటా వచ్చింది.

పోయినేడు సద్దుల నాటికి అత్తమ్మ లేదు. వాళ్ళింట్లో బతుకమ్మ పేర్చలేదు. నేను దుకాణంలో కూర్చుని, మోగదని తెలిసీ ఫోన్ వైపే చూస్తున్నాను. మోగింది.

"అల్లుడా," అంది మామ గొంతు. ఎంత మెల్లగా అంటే, ఎవరో కొత్త మనిషి అనుకున్నాను. "పూసిందారా?"

"వచ్చే ఏడు పూస్తదట మామా."

"ఆ. వచ్చే ఏడు రెండేండ్లది ఒక్కపారే ఆడుతది మీ అత్తమ్మ" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక బల్ల మీది అద్దంలో నా ముఖం కనిపించింది. మీసాలు తెల్లబడ్డాయి. దీవుల గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు తెలిసింది మాత్రమే చెబుతాను. తెలియనిది తెలియదంటాను. దాంతో గిరాకీ కాస్త తగ్గింది కూడా. కానీ ఎవరైనా దసరా సెలవుల్లో పోతామంటూ, ఎవరికీ తెలియని విశేషం ఏదైనా ఉందా అని అడిగితే మాత్రం, ఈ నెరిసిన మీసాలవాడు వెంటనే అడుగుతాడు. "ఇంట్ల తాంబాళం ఉన్నదా?"