ఉన్ని ప్రమాణం

ఆ రోజు పాదిరి థ్రోస్‌బీ అబద్ధమాడాడా, లేక డమారిస్ అడిగినదేమిటో అతని చెవికే ఎక్కలేదా? వెండల్‌బీలో ఈ ప్రశ్న వేసుకున్నవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో. జవాబు దొరక్కుండానే ముసలివాళ్ళమయ్యాం. అబద్ధమే అయితే ఆ మనిషిని తిట్టుకుని ఊరుకోవచ్చు. చెవికెక్కకపోవడమే అయితే తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగలరు.

డమారిస్ ఓడ్లింగ్ గొర్రెలకాపరి ఏమస్ భార్య. ఊళ్ళో ఎవరు పోయినా ముందు కబురు ఆమెకి, పాదిరికి ఆ తరవాతే. శవానికి నీళ్ళుపోసి, కళ్ళు మూసి, దవడకి గుడ్డ కట్టి, ఒళ్ళు బిగుసుకోకముందే చేతులు సర్ది, ఉన్నిబట్ట చుట్టి పేటికలో పెట్టేది. పోయినవాళ్ళతో మాట్లాడుతూ పనిచెయ్యడం ఆమె అలవాటు. “కాస్త పక్కకి తిరుగు నాయనా, బతికుండగానూ ఇంతే మొండివాడివి” అనేది. ఏడుస్తున్నవాళ్ళు కూడా ముక్కు తుడుచుకుని నవ్వేవాళ్ళు.

ఉన్నిబట్టే ఎందుకంటే, అది చట్టం. గొర్రెల వ్యాపారం పడిపోకుండా రాజ్యంలో పెద్దలు చేసిన చట్టం. చచ్చినవాళ్ళని గొర్రె ఉన్నిలో తప్ప పూడ్చకూడదు, కలిగినవాళ్ళు కట్టుకునే సన్నటి నారబట్ట పోగు ఒక్కటి కూడా ఒంటికి తగలకూడదు, తగిలితే జరిమానా. “బతికినన్నాళ్ళూ చలికి వణికినవాడికి చచ్చాక కంబళి కప్పిస్తారు, ఏం దయ, ఏం దయ!” అనేవాడు గోతులు తవ్వే ఒబడయా లీక్.

ఉన్నిలోనే పూడ్చారని ఎనిమిది రోజుల్లోగా ఎవరో ఒకరు ప్రమాణం చెయ్యాలి. సొంత ఊరి పాదిరి ముందు చేస్తే చెల్లదు. అందుకని డమారిస్ మూడు మైళ్ళు నడిచి హోల్మ్ ఊరి పాదిరి దగ్గరికి వెళ్ళేది. బైబిలు మీద చెయ్యిపెట్టి, “గొర్రె ఉన్ని తప్ప మరేమీ లేదు, దేవుడు సాక్షి” అని, ఆయన రాసిన కాగితం మీద గీత మీద గీత గీసేది. సంతకమంటే ఆమెకి అదే. తన పేరు అక్షరాల్లో ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. ఆ కాగితం తెచ్చి థ్రోస్‌బీకి ఇస్తే, ఆయన చర్చిలో మూడు తాళాల పెట్టె తెరిచి, చావుల పుస్తకం తీసి, పోయినవాళ్ళ పేరు కింద ఏదో రాసేవాడు. పోయినవాళ్ళ సంగతే ఇంకేదో రాస్తున్నాడనుకునేది ఆమె.

ఆమెకి ఒక్కతే బిడ్డ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి, సెప్టెంబరు చివర సెయింట్ మైకేల్ పండగనాడు పుట్టింది. ఊళ్ళో పెద్దబాతులు కోసుకుని తినే రోజది. బిడ్డ మధ్యాహ్నం పుట్టింది, పొద్దువాలేసరికి పాలు తాగడం మానేసింది. బాప్తిస్మమన్నా ఇప్పిద్దామని ఏమస్ ఊరి దొర బంగళాకి పరిగెత్తాడు. పాదిరి అక్కడ విందులో ఉన్నాడు. “పసిపిల్లలు అలాగే ఉంటారు, పొద్దున్నే వస్తాను” అని లోపలినించే చెప్పి పంపించాడు. అన్నమాట ప్రకారం పొద్దున్నే వచ్చాడు, కాఫీ కూడా తాగకుండా వచ్చాడు. అప్పటికి బిడ్డ చల్లబడి చాలాసేపైంది.

బాప్తిస్మం లేని బిడ్డకి చర్చిలో ప్రార్థన లేదు, పేరు లేదు, పుస్తకంలో వరస లేదు. తన ఎర్ర ఉన్నిపావడా చింపి డమారిస్ బిడ్డకి చుట్టింది. దేవుడి చట్టం తప్పినా రాజు చట్టం తప్పలేదు. చర్చికి ఉత్తరంవైపు, ఎండ పడని చోట, ఒబడయా రెండడుగుల గొయ్యి తవ్వి పూడ్చేసి టోపీ తీశాడు. అంతే.

పేరు మాత్రం మొగుడూ పెళ్ళామూ పెట్టుకున్నారు. అవిస్.

ఆ దుఃఖం అందరు తల్లులకీ ఉండేదే, కాలంతో పాతబడేదే. పాతబడనివ్వనిది పాదిరి చెప్పిన ప్రసంగం. చివరి దినాన పుస్తకాలు విప్పుతారనీ, వాటిలో రాసి ఉన్నదాన్నిబట్టి చచ్చినవాళ్ళకి తీర్పు జరుగుతుందనీ ఆయన ఒక ఆదివారం గొంతు పెంచి చెప్పాడు. ఏ పుస్తకమో చెప్పలేదు. డమారిస్‌కి తెలిసిన పుస్తకం ఒక్కటే. ఆమెకే కాదు, వెండల్‌బీలో సగంమందికి అదే నమ్మకం. దేవుడిది కాకపోతే దానికి మూడు తాళాలెందుకు? అందులో పేరు లేకపోతే ఆ రోజున బిడ్డని ఎవరు పిలుస్తారు? అందరూ లేచి వెళ్ళిపోతే ఆ ఉత్తరంవైపు నీడలో అదొక్కతే ఉండిపోదూ?

“నువ్వు పిలవలేవా?” అని ఏమస్ ఒకసారి అన్నాడు.

“అక్కడ నా మాట ఎవరు వింటారు? ఇక్కడే విన్లేదు” అంది.

బిడ్డ పోయిన ఆరేళ్ళకి దొరసాని పెనలోపి వెస్ట్‌బీ పోయింది. డమారిస్ బంగళాకి వెళ్ళేసరికి పాదిరి మెట్లమీదే ఎదురొచ్చాడు.

“ఓడ్లింగమ్మా, దొరసానిగారికి ఆవిడ కోరిన బట్టే కట్టాలి. పెళ్ళినాటి నారగౌను, లేసు.”

“అట్లాగే కడతానండి. కలిగినవాళ్ళు, జరిమానా కట్టుకుంటారు.”

“కట్టరు.”

“అదేం?”

“దొరవారు మేజిస్ట్రేటు. చట్టం తప్పినవాళ్ళకి శిక్ష వేసేదే ఆయన. ఆయన పేరే తప్పుచేసినవాళ్ళలో ఎక్కితే బాగుంటుందా?”

“అయితే ఉన్నే చుడదాం.”

“ఆవిడ పోయేముందు ఒట్టు వేయించుకుంది. ఉన్ని గుచ్చుకుంటుందిట.”

డమారిస్‌కి నవ్వొచ్చింది. “పోయాక కూడానా అయ్యగారూ?”

“నువ్వు మామూలుగా హోల్మ్ వెళ్ళి ప్రమాణం చేసి రా. ఎప్పుడూ చేసేదేగా.”

“ఎప్పుడూ చేసేది నిజమండి.”

పాదిరి మెట్ల కటకటాలమీద చెయ్యి ఆనించాడు. “ఏం కావాలో చెప్పు. చలికాలానికి కట్టెలా? ఏమస్‌కి మంచి బూట్లా?”

“నా అవిస్ పేరు పుస్తకంలో ఎక్కాలి.”

“ఎవరు అవిస్?”

ఆమె చెప్పింది. ఆయనకి గుర్తురావడానికి కాస్త సమయం పట్టింది.

“ఆ బిడ్డకి పేరెక్కడిది? బాప్తిస్మం లేందే పేరు లేదు.”

“తమరు బాతు తినడం కాసేపు ఆపి ఉంటే పేరుండేదండి.”

ఊళ్ళో అంతమాట అన్నవాళ్ళెవరూ లేరు. పాదిరి మొహం కందింది. పైనించి దొర దగ్గు వినిపించింది. “సరే సరే” అన్నాడు ఆయన, మెట్లు దిగిపోతూ. “కాగితం పట్టుకురా. పుస్తకంలో పేరు రాస్తాను.”

మర్నాడు ఆమె దొరసానికి నారబట్ట కట్టింది. అంత మెత్తటి గుడ్డ ఆమె చేతికి ఎప్పుడూ తగల్లేదు. ఆ రోజు శవంతో ఒక్కమాట కూడా మాట్లాడలేదు. పూడ్చిన నాలుగో రోజు హోల్మ్ వెళ్ళి బైబిలు మీద చెయ్యి పెట్టి గొర్రె ఉన్ని తప్ప మరేమీ లేదంది. దేవుడు సాక్షి అనేముందు రెండుసార్లు దగ్గితే, హోల్మ్ పాదిరి జలుబనుకుని, తేనె తాగమని చెప్పాడు.

థ్రోస్‌బీ పుస్తకం తీశాడు. రాశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

“రాశారా అయ్యగారూ?”

“రాశాను.”

“పేరేనా?”

“ఆఁ, పేరే. ఇదిగో.” గోటితో చూపించాడు. ఈకకలం తిప్పుతూ ఒక చుక్క జార్చాడు కాబోలు, ఆ వరస పక్కన గొర్రెపిల్ల చెవిలాంటి మరక పడింది. ఆమెకి అది గుర్తు పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఇంటికొచ్చి ఏమస్‌కి చెప్పింది. “పిల్ల పేరు ఎక్కించాను.”

“ఏమిచ్చి?”

“ప్రమాణమిచ్చి.”

ఏమస్ అడగాల్సిన మాటలన్నీ మింగి, “మంచిపని చేశావు” అన్నాడు. నరకానికి పోతే పోదాం, పిల్ల అయితే లేస్తుంది కదా అని ఆ ఇద్దరూ అనుకున్నట్టు తరవాత ఆమె ఒబడయా పెళ్ళానికి చెప్పిందట. ఏమస్ ఆ పై ఏడు చలిలో పోయాడు. కాపర్లందరికీ చేసినట్టే అతని చేతిలో ఒక ఉన్నిముద్ద పెట్టింది. ఆదివారాలు చర్చికి ఎందుకు రాలేదని పైన ఎవరైనా అడిగితే, మందని వదిలి రాలేకపోయానని చూపించడానికి.

పదకొండేళ్ళు గడిచాయి. హోల్మ్ నించి కాగితం తెచ్చిన ప్రతిసారీ, “నా పేజీ ఒకసారి తిప్పండయ్యగారూ” అనేది. ఆయన తిప్పేవాడు. ఆమె గొర్రెచెవి మరక వెతుక్కుని, వేలు ముద్దుపెట్టుకుని ఆ వరసకి ఆనించేది. అంతసేపూ ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. సిగ్గుతోనో, విసుగుతోనో. ఆ పదకొండేళ్ళూ ఆమె మొహాన ఒక నిబ్బరం ఉండేది. పిల్లలు పోయిన తల్లుల దగ్గర కూర్చుని, “పేరు ఎక్కింది కదా, ఇంక భయం లేదు” అని ధైర్యం చెప్పేది.

థ్రోస్‌బీ భోంచేస్తూ భోంచేస్తూ బల్లమీదికి ఒరిగి పోయాడు. ఆయనకీ ఆమే నీళ్ళుపోసింది, ఉన్ని చుట్టింది, హోల్మ్ వెళ్ళి ప్రమాణం చేసింది. ఈసారి నిజమే చెప్పింది. కాగితం పట్టుకుని చర్చికి వస్తే పెట్టె దగ్గర కొత్త పాదిరి లెవెట్ ఉన్నాడు. పాతికేళ్ళు నిండినట్టు లేవు. మంచివాడు. ముసలమ్మని చూసి లేచి, కూర్చోమని తన కుర్చీ ఇచ్చాడు.

“నా పేజీ ఒకసారి తిప్పండి బాబూ. దొరసాని కాలంచేసిన ఏడు. పక్కన మరక ఉంటుంది.”

తిప్పాడు. ఆమె వేలు ఆనించింది. కొత్తాయన చదువుకున్నవాడు, కిటికీవైపు చూడలేదు, ఆమెనే చూశాడు.

“ఇంతకీ ఇది ఎవరిదమ్మా?”

“నా బిడ్డది. కాస్త గట్టిగా చదవండి బాబూ. పాతాయన ఎప్పుడూ చదివి వినిపించలేదు.”

లెవెట్ వంగి చదివాడు. “పెనలోపి, దొర వెస్ట్‌బీ గారి భార్య. ఉన్ని ప్రమాణం తెచ్చినది డమారిస్ ఓడ్లింగ్.”

“అది దొరసానిది. కింద వరస.”

“కింద వరస అంటే ఇదేనమ్మా. డమారిస్ ఓడ్లింగ్ అని ఉంది.”

“నా పేరెందుకుంటుంది? నేను చావలేదుగా.”

“ప్రమాణం ఎవరు తెస్తే వాళ్ళ పేరు రాస్తారు.” ఆయన రెండు పేజీలు వెనక్కి, నాలుగు ముందుకి తిప్పాడు. ఆమెని సంతోషపెడదామనే అనుకున్నాడు పాపం. “చూడు, ఇక్కడ నువ్వు, ఇక్కడ నువ్వు, ఇదిగో ఇక్కడా నువ్వే. ఈ పుస్తకంలో నీ పేరు ఉన్నన్నిసార్లు దొరవారి పేరు కూడా లేదమ్మా!”

“అవిస్ అని ఎక్కడుంది?”

వెతికాడు. ఓపిగ్గానే వెతికాడు. “లేదమ్మా.”

ఆమె కుర్చీలోనే ఉంది, వేలు ఇంకా ఆ వరసమీదే ఉంది. “పదకొండేళ్ళు” అంది, “పదకొండేళ్ళు నన్ను నేనే ముద్దుపెట్టుకున్నాను.”

సంగతంతా విన్నాక ఆయన మెల్లిగా అన్నాడు. “చివరి రోజున విప్పేది ఈ పుస్తకం కాదమ్మా. దేవుడి పుస్తకం వేరే ఉంది.”

“మరి ఇది ఎవరిది?”

ఆయన ఆ పేజీ అంచు మడత సరిచేశాడు.

“ఎవరిదైతే ఏం, నా పేరు కొట్టేయండి. ఈ ఒక్కచోట. దొరసాని ఒంటిమీద ఉన్నిపోగు లేదు. నారగౌను, లేసు. నేను ఒట్టు తప్పాను. బిడ్డ పేరు లేనప్పుడు నా అబద్ధం ఒక్కటే ఎందుకుండాలి?”

లెవెట్ పుస్తకం మూశాడు. ఆ మొహంలో ఇందాకటి మంచితనం పోలేదు. దానిమీదికి భయం వచ్చి కూర్చుంది, అంతే. “ఈ మాట నేను వినలేదు. నువ్వు అననూ లేదు. నాకు ఈ ఊరు ఇప్పించింది వెస్ట్‌బీ దొరవారు. పైగా అబద్ధపు ప్రమాణానికి శిక్ష నీకే పడుతుంది, తెలుసా?”

ఆమె చేతిలో కాగితం మడిచింది.

ఆయన పుస్తకం పెట్టెలో పెట్టి తాళాలు వెయ్యడానికి మోకాళ్ళమీద కూర్చున్నాడు. మొదటి తాళం తుప్పుపట్టి తిరగలేదు. దానితో కుస్తీపడుతూ, వెనక్కి చూడకుండానే అన్నాడు. “కంగారుపడకమ్మా, నిదానంగా ఆలోచిద్దాం. బిషప్పుగారికి ఒక ఉత్తరం రాస్తాను. పాతాయన తాలూకు ప్రమాణం కాగితం ఆ బల్లమీద పెట్టి వెళ్ళు. రేపటితో గడువు.”

మూడో తాళం పడ్డాక లేచి చూస్తే బల్లమీద కాగితం లేదు. కుర్చీలో ఆమె లేదు.

గేటు దగ్గర ఒబడయా పారకి ఆనుకుని రొట్టే జున్నూ తింటున్నాడు. “ఏం ఓడ్లింగమ్మా, కొత్తాయన ఎట్లా ఉన్నాడు? పాతాయనలో సగం లేడు, నాకు తవ్వడం సుఖం!” మామూలుగా అయితే ఆమె ఒకటికి రెండు అంటించేది. ఈసారి అతని మొహమైనా చూడలేదు. ఇంటికి తిరగాల్సిన మలుపు దగ్గర తిరగలేదు, హోల్మ్ దారీ పట్టలేదు. థ్రోస్‌బీ కాగితం చేత్తో పట్టుకునే, గుట్టమీదినించి అవతలి ఊళ్ళకి పోయే మందదారి ఎక్కింది.

“ఎక్కడికమ్మా, ముసలి డౌస్ ఇవాళో రేపో అన్నట్టున్నాడు, దూరం పోకు!” అని ఒబడయా నోటినిండా రొట్టెతో వెనకనించి కేకేశాడు. దారికి అడ్డంగా పడుకున్న గొర్రెలు లేచి పక్కకి తొలిగాయి. ఆమె వాటి మధ్యగా నడుచుకుంటూ గుట్ట దాటిపోయింది.