ఏదీ విసరకూడదని రాసిన కాయితం

శనివారం పొద్దున ఆరు పదికి కడప బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు ఎక్కినాను. సంచిలో ఒక జత బట్టలు, ఒక ఫారం పెట్టుకున్నా. ఫారంలో రెండే గడులు. ఒకటి ఆట, ఇంకొకటి గుణం. హైదరాబాదు క్యాంపుకు మా జిల్లా నుంచి ఒక్క బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణే తీసుకుంటారు. వాడు ఎవడో తేల్చే పని, ముప్పై ఏండ్లు డ్రిల్లు అయ్యవారిగా పనిచేసిన నాకు అప్పజెప్పినారు. పోయినేడు నేను "గుణం మంచిది" అని రాసి పంపిన పిల్లోడు, కూరలో ఉప్పు లేదని క్యాంపు వంటమనిషిని కొట్టినాడు. అందుకే ఈసారి పైవాళ్ళు ఫోన్ చేసి, ఆట మేం నేర్పుకుంటాం, మీరు మనిషిని చూసి రాయండని గట్టిగా చెప్పినారు.

చూడాల్సిన మనిషి పేరు ఓబులేసు. పంతొమ్మిదేండ్లు, ఆరడుగుల నాలుగంగుళాలు, జమ్మలమడుగు జట్టులో ఈ ఏడే చేరినాడు. పేపరోళ్ళు వాణ్ణి ఆశాకిరణం అని మూడుసార్లు రాసినారు. ఎలక్షన్లు దగ్గరపడినాయి కాబట్టి రెండు పార్టీలవాళ్ళూ మావాడంటే మావాడని గుడ్డ బ్యానర్లు కట్టినారు. ఆ రెండింటిలోనూ వాడి తల పైన పట్టక, కత్తిరించి వేసినారు.

ఖాజీపేట దాటినాక పక్కన కూచున్న పసుపు వ్యాపారికి నా పని చెప్పినాను. ఆయన ఒకటే అడిగినాడు.

"ఆ పిల్లోడు ఎవరి మనిషప్పా?"

మా తట్టు ఎవరి మనిషి అంటే ఎవరి జీపులో కూచుంటాడని అర్థం. ఇంకా ఎవరి మనిషీ కాదని చెప్పినాను. పంతొమ్మిదేండ్లొచ్చినా ఎవరి మనిషీ కాకపోతే ఎట్లని ఆయన మైదుకూరు దాకా నిజంగానే బాధపడినాడు.

ఎనిమిదికి ప్రొద్దుటూరులో దిగి, బస్టాండు ఎదురుగా ఉగ్గాని, బజ్జీలు తిన్నాను. మీరెప్పుడన్నా పోతే రెండో ప్లేటు అడగొద్దండి, సల్లారిన బజ్జీలు పెడతారు.

తొమ్మిదిన్నరకు సెమీఫైనల్ మొదలైంది. ఓబులేసు ఆట గురించి పేపరోళ్ళు తక్కువే రాసినారు. వాడు ఎగిరితే దిగడం మర్చిపోయినాడేమో అనిపిస్తుంది. పాసులు కూడా శానా గట్టిగా విసురుతాడు. కానీ పావుగంట చూసేసరికి ఒక వింత కనిపించింది. ఏడో నంబరు చొక్కా వేసుకున్న శివ అనే పిల్లోడికి మాత్రం బంతి విసరడు. ఎంత దూరంలో ఉన్నా బంతి కొట్టుకుంటూ వాడి దగ్గరికి పోయి, చేతుల్లో పెట్టి వస్తాడు. శివ కూడా గుళ్ళో ప్రసాదం తీసుకునేవాడిలాగ దోసిలి పట్టుకొని నిలబడతాడు. ప్రొద్దుటూరు కోచ్ అదేదో కొత్త పద్ధతి అనుకొని, తన పిల్లోళ్ళ చేత కూడా రెండో సగంలో అట్లే చేయించినాడు. ప్రొద్దుటూరు ఓడిపోయింది.

మధ్యాహ్నం రెండుకు జమ్మలమడుగు బస్సు. జట్టంతా అదే బస్సులో ఎక్కింది. శివ డ్రైవరు వెనక సీటులో, ఓబులేసు ఆఖరు సీటులో కూచున్నారు. నేను ఓబులేసు పక్కన చేరి, శివకెందుకు విసరవని సూటిగా అడిగినాను. పొగరా, కుళ్ళా అనేది తేల్చుకోవల్ల గదా.

"కాయితం ఉండాది సార్," అన్నాడు.

"ఏం కాయితం?"

"రాజీ కాయితం. మాదీ శివాదీ ఒకే ఊరు, వర్గాలు వేరే. ఒకరి మీదికి ఒకరు ఏదీ విసరకూడదని రాసుకున్నారు. మా నాయన ఏలిముద్ర ఏసినాడు."

"అది బంతికి కాదులేబ్బా."

"ఏదీ అని రాసుండాది సార్."

ఇంత అమాయకం ఉంటుందా అనిపించింది. ఉప్పు పిల్లోడు కూడా మొదట్లో ఇంత అమాయకంగానే మాట్లాడినాడు. క్యాంపుకు పోకుంటే ఏం చేస్తావని అడిగినాను. వాడు కిటికీలోంచి చూస్తా చెప్పినాడు.

"ఎలక్షన్లకు జీపెక్కల్ల సార్. ఇంత పొడుగున్నోణ్ణి ముందర నిలబెట్టుకోవల్లని చూస్తాండారు. ఇన్నాళ్ళూ మా నాయన ఆపినాడు. ఇంక నాతో కాదన్నాడు."

ఆ జీపుల్లో ముందర నిలబడినవాళ్ళలో నా దగ్గర డ్రిల్లు నేర్చుకున్న పిల్లోళ్ళు నలుగురు ఉండేవాళ్ళు. ఇప్పుడు ఒకడు ఉండాడు. వాడికీ ఒక చెయ్యి లేదు.

జమ్మలమడుగు బస్టాండు వెనక లాడ్జిలో దిగినాను. దుప్పటి మనదే తీసుకొని పోవడం మేలు. ఓబులేసు, శివ వాళ్ళ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే పక్క ఊరోళ్ళు మాకేం తక్కువని కొట్లాటకు వస్తారు.

కాయితం నిజమో కాదో తెలిస్తే పిల్లోడి గుణం సగం తెలిసినట్టే. అది దేవదానం అయ్యవారి దగ్గర ఉందని లాడ్జి ఆయన చెప్పినాడు. మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన దేవదానం అయ్యవారు ఏ వర్గమూ కాదు. చేతిరాత బాగుంటుంది. అందుకే ఆ చుట్టుపక్కల రాజీలన్నీ ఆయనే రాస్తాడు. ఆదివారం పొద్దున చర్చి బయట వేపచెట్టు కింద కూచుంటే, పదికి ప్రార్థన ముగించుకొని బైబిలుతో వచ్చినాడు. ఇంటికి తీసుకుపోయి, ట్రంకుపెట్టెలోంచి కాయితం తీసి చూపించినాడు. పిల్లోడు అక్షరం తప్పకుండా చెప్పినాడు.

"ఏదీ అని ఎందుకు రాసినారయ్యా?" అన్నాను.

ఆయన చెప్పింది ఇది. మొదట బాంబులు అని రాసినాడంట. అట్ల రాస్తే మా దగ్గర బాంబులు ఉన్నట్టు ఒప్పుకున్నట్టే గదా అని ఒక వర్గం లేచిపోయింది. అది కొట్టేసి రాళ్ళు అని రాసినాడు. రాళ్ళు తప్ప మిగతావన్నీ విసరొచ్చా అని రెండో వర్గం లేచిపోయింది. మూడోరోజు మధ్యాహ్నం అన్నాల వేళకు ఏదీ అని రాస్తే అందరూ ముద్రలేసి భోజనానికి కూచున్నారు. రెండేండ్లుగా ఆ ఊర్లో ఏమీ పడలేదు. ఇంటి మీదికి కొబ్బరిచిప్ప కూడా విసరరు, తీసుకుపోయి ఇస్తారు అని దేవదానం అయ్యవారు కొంచెం గర్వంగానే చెప్పినాడు.

సాయంత్రం పులివెందులలో ఫైనల్ ఉందని, ఒక ముక్క కలపండని బతిమాలినాను. ఇద్దరు తండ్రులూ సంతకు వచ్చి టౌన్లోనే ఉండారు, పిలిపించినాడు. అరుగుకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూచున్నారు. "బాస్కెట్‌బాల్‌కు ఇది వర్తించదు" అని రాసి, కాయితాన్ని ఒకరి దగ్గరనుంచి ఇంకొకరి దగ్గరికి ఆయనే మోసినాడు. శివ వాళ్ళ నాయన బొటనవేలికి ఇంకు అంటించుకొని ఆగి, ఫుట్‌బాల్ సంగతి ఏందని అడిగినాడు. అది ఆడేటప్పుడు చూస్తాం లెమ్మన్నాడు అయ్యవారు.

పన్నెండుంపావుకు ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సు. రెండున్నరకు దిగినాను. సంగటి, చెనిక్కాయల పచ్చడి తిని, గ్రౌండుకు పోయినాను. ఓబులేసుకు కాయితం సంగతి చెప్తే, ముద్రలు ఇద్దరూ వేసినారా అని రెండుసార్లు అడిగినాడు.

నాలుగుకు ఫైనల్. ఓబులేసు వాళ్ళ ఊరి రెండు వర్గాలూ ఎదురెదురుగా కూచున్నాయి. మధ్యలో ఇద్దరు కానిస్టేబుళ్ళు. మొదటి సగమంతా ఓబులేసు పాత అలవాటు కొద్దీ బంతిని చేతుల్లోనే పెట్టి వచ్చినాడు. చివరికి పులివెందుల జట్టు ఒక్క పాయింటు పైన ఉంది, ఏడెనిమిది సెకండ్లు మిగిలినాయి. బంతి ఓబులేసు దగ్గరుంది. ముగ్గురు చుట్టుకున్నారు. బుట్ట కింద శివ ఒక్కడే నిలబడి ఉండాడు. పోయి ఇవ్వడానికి దారి లేదు.

ఓబులేసు విసిరినాడు.

ఆ పిల్లోడు విసరడం నేను చూసినాను కాబట్టి చెప్తాండా, అది మామూలు విసురు కాదు. శివ ఈ ఏడంతా తీసుకున్నట్టే దోసిలి పట్టినాడు. బంతి దోసిలి మీదుగా పోయి ముక్కుకు తగిలింది. శివ పడినాడు. నెత్తురు కారింది. విజిలు ఊదినారు, ఆట అయిపోయింది. ఎవరూ పాయింట్లు చూడలేదు. రెండు వర్గాలూ లేచి నిలబడినాయి. శివ వాళ్ళ నాయన భుజం మీద తువ్వాలు తీసి నడుముకు కట్టినాడు. కానిస్టేబుళ్ళలో ఒకాయన నా వెనక్కి వచ్చి నిలబడినాడు. ఓబులేసు చేతులు కిందికి వేలాడేసుకొని కదలకుండా ఉండిపోయినాడు. ఆ ముక్క కలిపించింది నేను.

శివ లేచి కూచున్నాడు. చొక్కాతో ముక్కు తుడుచుకొని వాళ్ళ నాయన తట్టు చూసినాడు.

"బంతే నాయనా. కూచో."

ఆయన నిలబడే ఉండాడు. శివ బంతి తీసుకొని, బలమంతా పెట్టి ఓబులేసు మీదికి విసిరినాడు. ఓబులేసు పట్టుకున్నాడు. వాడి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. శివ వాళ్ళ నాయన తువ్వాలు విప్పి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. ఆయన కూచున్నాక తక్కినవాళ్ళంతా కూచున్నారు.

ఆరుంపావుకు వేంపల్లె మీదుగా కడప బస్సు. కిటికీ పక్కన కూచొని, వెలుతురుండగానే ఫారం నింపినాను. ఆట అనే గడిలో, బాగా విసురుతాడు, పట్టుకునేవాళ్ళు అలవాటు పడల్ల అని రాసినాను. గుణం అనే గడిలో, మాటంటే మాటే, తీసుకోండి అని రాసి, వాళ్ళకు అనుమానం రాకుండా వంటమనిషికి భయం లేదని కూడా చేర్చినాను. కింద ఖాళీ జాగాలో, దయచేసి ఎలక్షన్లలోగానే పిలవండి అని రాసి సంతకం పెట్టినాను. ఇంతకుముందు ఏ ఫారంలోనూ నేను దయచేసి అని రాయలేదు.

వేంపల్లె దాటినాక కండక్టరు వచ్చి నా పక్కన కూచున్నాడు. రెండు వర్గాలూ పులివెందులకు వచ్చినాయని ఆయనకు ముందే తెలుసు.

"ఏమన్నా ఇసిరినారా సార్?" అన్నాడు.

"విసిరినారు."

ఆయన టిక్కెట్ల సంచి గుండెలకు హత్తుకున్నాడు. "అవతలోళ్ళు?"

"వాళ్ళూ విసిరినారు," అన్నాను. "పట్టుకున్నాడు."