అద్దం వెనక నా బీఏ

ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చుని కటింగ్ ప్లేయర్ అడిగిన మనిషిని ఎప్పుడైనా చూశారా? లేదా? అయితే నిన్న నన్ను చూడాల్సింది!

ఇథియోపియా బడుల్లో ఇంగ్లీషు చెప్పడానికి టీచర్లు కావాలన్నారు. బీఏ, బీఈడీ, ఐదేళ్ళ అనుభవం, అన్నిటికీ ఒరిజినల్ సర్టిఫికెట్లు. నాకన్నీ ఉన్నాయి. పదింటికి బెజవాడలో ఇంటర్వ్యూ. పొద్దున్నే కంకిపాడులో మా ట్రంకుపెట్టె తిరగేస్తే అన్నీ దొరికాయి, బీఏ తప్ప!

మా అత్తగారు కాఫీ గ్లాసుతో వచ్చి గోడకేసి చూపించారు. "అబ్బాయి బీఏ ఫ్రేము వెనక పెట్టించావు కదే!"

నిజమే. పదేళ్ళ కిందట మా ఆయన బీఏకి ఫ్రేము కట్టిస్తుంటే, వెనక పెట్టడానికి దళసరి కాగితం ఉందా అన్నాడు షాపతను. చెదలు పట్టకుండా ఉంటుందని నాది నేనే తీసిచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు! స్త్రీ తన పేరుతో తను నిలబడాలని పత్రికల్లో పేజీలకు పేజీలు రాసేదాన్ని!

మేకులు పీకే టైము లేదు. ఫ్రేముని పాత చీరలో చుట్టి బస్సెక్కాను. పక్కసీటావిడ నా ఒళ్ళోకి చూసి, "ఎవరమ్మా పోయింది?" అంది.

"ఎవరూ పోలేదండీ. బీఏ!"

"అయ్యో పాపం," అని నా భుజం నిమిరింది.

ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఫ్రేము చదివాడు. "ఇది మీవారిది కదండీ?"

"నాది వెనకుందండీ."

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. నేనడిగితే ప్యూను కటింగ్ ప్లేయర్ తెచ్చాడు. వాళ్ళెదుటే ఒక్కో మేకూ పీకాను. అట్ట లేచింది, నా బీఏ బయటికొచ్చింది! పదేళ్ళు ఎండ తిని ఆయనది వెలిసిపోయింది. నాది నిన్న అచ్చేసినట్టుంది.

"అంత దూరం వెళ్ళడానికి మీవారు ఒప్పుకుంటారా?" అన్నాడాయన.

"అడగండి, ఇక్కడే ఉన్నారుగా," అని ఫ్రేము చూపించాను.

నవ్వేశాడు. తర్వాత, మన భాష రాని పిల్లలకి మొదటి రోజు ఏం చెబుతారని అడిగాడు. అరగంట చెప్పాను. చివరికి, "పాస్‌పోర్టుకి అప్లై చేసుకోండమ్మా," అన్నాడు!

నా బీఏని గుండెకి హత్తుకుని ఇంటికొచ్చి పడ్డాను. మా ఆయన సంబరపడిపోయారు. ఆ తర్వాత ఖాళీ గోడకేసి చూశారు.

"మరి నాదేదోయ్?"

అక్కడే, ఇంటర్వ్యూ టేబులు మీద! మేకుల పక్కన, పాత చీరతో సహా!

ఇవాళ మళ్ళీ బెజవాడ బస్సెక్కుతున్నాను. ఆయన బీఏ నాదాన్ని పదేళ్ళు కాపాడింది. ఆయనదాన్ని నేను ఒక్కపూట కాపాడలేకపోయాను. అలాంటి నాకు పరదేశపు పిల్లల్ని అప్పజెబుతారట!